టెస్టులో పాజిటివ్, ఒంట్లో వైరస్ లేదు: క్వీన్స్‌లాండ్ టీకా ట్రయల్ ఎందుకు ఆగింది, జనం దాన్ని ఎలా అర్థం చేసుకున్నారు

"ఆస్ట్రేలియాలో కోవిడ్ టీకా వేయించుకున్నవాళ్లకి హెచ్‌ఐవీ వచ్చిందట, అందుకే ట్రయల్ ఆపేశారట." 2020 డిసెంబరులో ఈ మాట ప్రపంచమంతా తిరిగింది. పచ్చి అబద్ధమైతే కొట్టిపారేసి ఊరుకోవచ్చు. కానీ ట్రయల్ ఆగిన మాట నిజం. హెచ్‌ఐవీ టెస్టులో కొందరికి పాజిటివ్ వచ్చిన మాటా నిజం. టీకాలో హెచ్‌ఐవీకి సంబంధించిన ఒక ముక్క ఉన్న మాట కూడా నిజమే. మూడు నిజాలు కలిపితే వచ్చిన ముగింపు మాత్రం తప్పు. ఇది ఎక్కడ తేడా కొట్టిందో చూడాలంటే టీకా తయారీ గురించి కొంచెం, రక్తపరీక్షల గురించి కొంచెం, జనం నమ్మకం గురించి ఇంకాస్త ఎక్కువ మాట్లాడుకోవాలి.

ఆ రోజు అసలు ప్రకటించింది ఏమిటి

టీకా పేరు వి451. బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ పరిశోధకులు రూపొందించారు, పెద్ద ఎత్తున తయారుచేసే బాధ్యత మెల్‌బోర్న్‌కి చెందిన సీఎస్‌ఎల్ కంపెనీది. 2020 జులైలో మనుషుల మీద మొదటి దశ ట్రయల్ మొదలైంది, మొత్తం 216 మంది వాలంటీర్లు. ఫలితాలు పూర్తిగా రాకముందే ఆస్ట్రేలియా ప్రభుత్వం 5.1 కోట్ల డోసులకి ఒప్పందం చేసుకుంది. సొంత గడ్డ మీద పుట్టిన టీకా కాబట్టి అక్కడివాళ్లకి దాని మీద ఆశతో పాటు కొంచెం గర్వం కూడా ఉండేది.

డిసెంబరు 11న అప్పటి ప్రధాని స్కాట్ మోరిసన్ ప్రభుత్వం, కంపెనీ, యూనివర్సిటీ కలిసి చెప్పిన విషయం ఇది: టీకా వైరస్ మీద గట్టిగానే పనిచేసే యాంటీబాడీలు పుట్టిస్తోంది, తీవ్రమైన దుష్ప్రభావాలేవీ కనబడలేదు, కానీ కొన్ని రకాల హెచ్‌ఐవీ పరీక్షల్లో వాలంటీర్లకి తప్పుడు పాజిటివ్ వస్తోంది. మళ్లీ వేరే పరీక్షలు చేసి చూస్తే వాళ్లలో హెచ్‌ఐవీ వైరస్ లేదని తేలింది. అందుకని రెండు, మూడు దశల ట్రయల్స్‌కి వెళ్లడం లేదు.

ఇక్కడ చాలామంది దాటేసిన సంగతి ఒకటుంది. మొదటి దశ ట్రయల్‌ని మధ్యలో ఆపలేదు. అప్పటికే టీకా తీసుకున్న వాలంటీర్లని గమనిస్తూ సమాచారం సేకరించడం కొనసాగింది, దాని ఫలితాలు తర్వాత ఒక ప్రముఖ వైద్య పత్రికలో వచ్చాయి కూడా. ఆగింది ముందుకు వెళ్లడం. "ట్రయల్ ఆపేశారు" అనే రెండు మాటల్లో ఈ తేడా పూర్తిగా పోయింది.

టీకాలోకి హెచ్‌ఐవీ ముక్క ఎలా వచ్చింది

కరోనా వైరస్ పైన ఉండే ముళ్లలాంటి వాటిని స్పైక్ ప్రొటీన్ అంటారు. ఈ ముల్లు మన కణంలోకి చొరబడకముందు ఒక ఆకారంలో, చొరబడ్డాక ఇంకో ఆకారంలో ఉంటుంది. మన శరీరం మొదటి ఆకారాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటేనే లాభం, ఎందుకంటే అడ్డుకోవాల్సింది అప్పుడే. చిక్కేమిటంటే, స్పైక్‌ని వైరస్ నుంచి విడదీసి ఒంటరిగా తయారుచేస్తే అది ఆ మొదటి ఆకారంలో నిలవదు, సడలిపోయి రెండో ఆకారంలోకి జారిపోతుంది.

ఆకారం జారకుండా పట్టి ఉంచడానికి ఒక్కో బృందం ఒక్కో పద్ధతి వాడింది. ఫైజర్, మోడర్నా టీకాల్లో స్పైక్‌లోనే రెండు చోట్ల అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ తయారయ్యే చిన్న భాగాలు) మార్చి దాన్ని బిగించారు. క్వీన్స్‌లాండ్ వాళ్లు మాత్రం బయటినుంచి బట్టల క్లిప్పు పెట్టినట్టు ఒక బిగింపు పెట్టారు. దాన్ని మాలిక్యులర్ క్లాంప్ అంటారు. స్పైక్‌లో మూడు భాగాలు కలిసి ఉంటాయి కదా, ఆ మూడింటి అడుగుభాగాన్నీ ఇది గట్టిగా కలిపి పట్టుకుంటుంది. ఆ క్లాంప్ తయారైంది హెచ్‌ఐవీ వైరస్ పైభాగంలో ఉండే జీపీ41 అనే ప్రొటీన్‌లోని రెండు చిన్న ముక్కలతో. ఆ ముక్కలు ఒకదాన్నొకటి పెనవేసుకుని చాలా దృఢమైన కట్టగా ఏర్పడతాయి, వాటిని ఎంచుకోవడానికి కారణం అదే.

ఎక్కడా హెచ్‌ఐవీ వైరస్‌ని తెచ్చి ఇందులో కలపలేదు. ఆ రెండు ముక్కల జన్యు సమాచారాన్ని మాత్రం తీసుకుని, స్పైక్‌తో కలిపి, ల్యాబ్‌లో పెంచే కణాల చేత ప్రొటీన్ తయారుచేయించారు. హెచ్‌ఐవీ సోకాలంటే తనను తాను కాపీ చేసుకోగల పూర్తి వైరస్ కావాలి, దాని జన్యుపదార్థం కావాలి. ప్రొటీన్ ముక్కకి ఆ సామర్థ్యం లేదు. కాబట్టి "తక్కువ అవకాశం ఉంది" అనే మాట కూడా ఇక్కడ సరికాదు. ఈ టీకా వల్ల హెచ్‌ఐవీ సోకే దారే లేదు.

ఈ క్లాంప్ కోవిడ్ కోసం హడావుడిగా పుట్టింది కూడా కాదు. కొత్త అంటువ్యాధి ఏది వచ్చినా తొందరగా టీకా తయారుచేసే వేదికగా దీన్ని చూసి, సెపీ అనే అంతర్జాతీయ సంస్థ 2019 జనవరిలోనే కోటి డాలర్లు దాటే నిధులతో ఒప్పందం చేసుకుంది. అప్పటికి కోవిడ్ పేరు ఎవరూ వినలేదు.

చాలా హెచ్‌ఐవీ టెస్టులు నేరుగా వైరస్‌ని వెతకవు

మామూలు జనానికి ఇదంతా అర్థంకాకపోవడానికి అసలు కారణం ఇక్కడుందని నా అభిప్రాయం. "హెచ్‌ఐవీ టెస్ట్ పాజిటివ్" అనగానే "రక్తంలో హెచ్‌ఐవీ కనబడింది" అనుకుంటాం. కానీ మొదట చేసే స్క్రీనింగ్ టెస్టు ప్రధానంగా వెతికేది వైరస్ కోసం కాదు, వైరస్‌కి ఎదురుగా మన శరీరం తయారుచేసిన యాంటీబాడీల కోసం. ఇప్పుడు వాడే కొత్త తరం టెస్టులు యాంటీబాడీలతో పాటు పీ24 అనే వైరస్ ప్రొటీన్‌ని కూడా చూస్తాయి. అయినా యాంటీబాడీ ఒక్కటి కనబడినా చాలు, ఫలితం రియాక్టివ్ అని, అంటే ఇంకా ఖరారు కాని పాజిటివ్ అని వస్తుంది.

హెచ్‌ఐవీ సోకినవాళ్లలో ఎక్కువగా కనిపించే యాంటీబాడీల్లో జీపీ41 మీద పుట్టేవి ముఖ్యమైనవి. అందుకే చాలా టెస్టుల్లో వాటిని పట్టే ఏర్పాటు ఉంటుంది. ఇప్పుడు వి451 టీకా తీసుకున్న మనిషి శరీరం ఏం చేస్తుందో ఊహించండి. స్పైక్‌ని చూసి యాంటీబాడీలు తయారుచేస్తుంది, పక్కనే ఉన్న క్లాంప్‌ని చూసి దానికీ కొన్ని తయారుచేస్తుంది. టెస్టుకి ఆ యాంటీబాడీ ఎందుకు పుట్టిందో తెలియదు. ఉందా లేదా అన్నంతవరకే దాని పని.

అందుకే స్క్రీనింగ్‌లో రియాక్టివ్ వస్తే దాన్ని బట్టే ఎవరికీ హెచ్‌ఐవీ ఉందని తేల్చరు. రెండో దశలో ఇంకో రకం పరీక్ష చేస్తారు, అది హెచ్‌ఐవీలోని వేర్వేరు ప్రొటీన్ల మీద విడివిడిగా యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూస్తుంది. నిజంగా సోకినవాళ్లలో చాలా ప్రొటీన్ల మీద ఉంటాయి, ఈ టీకా తీసుకున్నవాళ్లలో ఆ ఒక్క ముక్క మీదే ఉంటాయి. ఇంకా అనుమానం ఉంటే న్యూక్లియిక్ యాసిడ్ టెస్టు, అంటే పీసీఆర్ తరహాలో నేరుగా వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష. ఇలా వేరే పరీక్షలతో సరిచూసుకున్నాకే వాలంటీర్లకి హెచ్‌ఐవీ లేదని చెప్పారు.

ఇదేమీ కొత్త వింత కాదు. హెచ్‌ఐవీకి టీకా కనిపెట్టే ప్రయత్నాల్లో పాల్గొన్న వాలంటీర్లకి ఇలా జరగడం చాలాకాలంగా తెలిసిన విషయమే. ఆ ట్రయల్స్ నడిపే సంస్థలు వాలంటీర్లకి ముందే వివరించి, తర్వాత అవసరమైనప్పుడల్లా సరైన పరీక్ష చేయించే ఏర్పాటు కూడా చేస్తుంటాయి. ఒక కోవిడ్ టీకాలో, అదీ దేశం మొత్తానికి వేయాలనుకున్న టీకాలో ఇలా జరగడమే కొత్త.

లక్ష మందితో ఒక లెక్క

"పాజిటివ్ వస్తే మళ్లీ టెస్టు చేస్తే సరిపోతుందిగా, దానికోసం టీకానే పారేయాలా?" అప్పట్లో చాలామంది వేసిన ప్రశ్న ఇది, న్యాయమైన ప్రశ్నే. జవాబు అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కింద అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి, ట్రయల్ ఫలితాలు కావు.

లక్ష మందికి హెచ్‌ఐవీ స్క్రీనింగ్ చేశారనుకుందాం. వాళ్లలో 100 మందికి నిజంగా హెచ్‌ఐవీ ఉంది. టెస్టు ఆ 100 మందినీ పట్టుకుంటుంది. మిగతా 99,900 మందిలో వెయ్యికి ఇద్దరి చొప్పున పొరపాటున రియాక్టివ్ చూపిస్తుంది, అంటే సుమారు 200 మంది. మొత్తం 300 మంది రెండో పరీక్షకి వెళ్తారు, వాళ్లలో ముగ్గురిలో ఒకరికి నిజంగా జబ్బు ఉంది. ఇది ఏ ల్యాబ్ అయినా నెట్టుకురాగల పని.

ఇప్పుడు ఆ లక్ష మందికీ ఈ టీకా వేశారనుకోండి, నలుగురిలో ఒకరికి స్క్రీనింగ్ రియాక్టివ్ అయ్యిందనుకోండి. అంటే 25,000 మందికి పైగా. నిజంగా జబ్బున్నవాళ్లు మాత్రం ఆ 100 మందే. రెండో పరీక్ష చేయాల్సినవాళ్లు 300 నుంచి ఒక్కసారిగా 80 రెట్లు దాటిపోయారు. రియాక్టివ్ వచ్చిన 250 మందిలో ఒక్కరికి జబ్బు ఉన్నట్టు. స్క్రీనింగ్ అన్న పేరుకే అర్థం లేకుండా పోయింది, ఎందుకంటే ఎక్కువమందిని మొదటి అడుగులోనే పక్కన పెట్టడానికే కదా అది ఉన్నది.

ఇక ఆస్ట్రేలియా ఒప్పందాన్ని చూడండి. మనిషికి రెండు డోసులు, మొత్తం 5.1 కోట్ల డోసులు, అంటే సుమారు రెండున్నర కోట్ల మంది. దేశ జనాభా దాదాపు అంతే. హెచ్‌ఐవీ టెస్టు చేసే సందర్భాలు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. అక్కడ గర్భిణులకి మొదటి చెకప్‌లోనే చేయించమంటారు, దానం చేసిన ప్రతి రక్తాన్నీ పరీక్షిస్తారు, శాశ్వత వీసాకి దరఖాస్తు పెట్టుకునే 15 ఏళ్లు దాటినవాళ్లకి చేస్తారు, అవయవమార్పిడికి ముందు చేస్తారు. ఒక గర్భిణికి రియాక్టివ్ అని చెప్పి, "బహుశా టీకా వల్ల అయ్యుంటుంది, రెండో ఫలితం వచ్చేదాకా ఆగండి" అంటే ఆ నాలుగు రోజులు ఆ ఇంట్లో ఉండే టెన్షన్ ఎంతో ఊహించుకోవచ్చు. అది దేశమంతటా, రోజూ.

అసలు ప్రమాదం దీనికి రివర్స్‌లో కూడా ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడారు. "రియాక్టివ్ వస్తే టీకా వల్లే" అని డాక్టర్లకీ జనానికీ అలవాటైపోతే, నిజంగా హెచ్‌ఐవీ సోకిన మనిషి కూడా అదే మాట చెప్పుకుని రెండో పరీక్షకి వెళ్లకపోవచ్చు.

ఆపడంలో రకాలున్నాయి

వార్తల్లో "ట్రయల్ నిలిపివేత" అని ఒకే మాట వాడతారు గానీ, 2020లోనే వేర్వేరు కారణాలతో ట్రయల్స్ ఆగాయి, వాటిని కలిపి చూస్తే గందరగోళమే.

సెప్టెంబరులో ఆస్ట్రాజెనెకా ట్రయల్‌కి విరామం ఇచ్చారు. ఒక వాలంటీర్‌కి నరాలకు సంబంధించిన అనుకోని అనారోగ్యం వచ్చింది, అది టీకా వల్లా కాదా అని స్వతంత్ర నిపుణులు చూసేదాకా కొత్తగా ఎవరికీ వేయకూడదు. బ్రిటన్‌లో కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదలైంది, అమెరికాలో అక్టోబరు దాకా ఆగింది. జాన్సన్ అండ్ జాన్సన్ ట్రయల్ కూడా అక్టోబరులో ఇలాగే ఆగి, ఆ నెలలోనే తిరిగి మొదలవడానికి అనుమతి వచ్చింది. ఇవి విరామాలు. వేలమంది మీద చేసే ట్రయల్‌లో ఎవరికో ఒకరికి, టీకాతో సంబంధం ఉన్నా లేకపోయినా, ఏదో ఒక జబ్బు వస్తుంది. అప్పుడు ఆగి చూడడం నిబంధనల్లో రాసి ఉన్న పనే.

2021 జనవరిలో మెర్క్ కంపెనీ తన రెండు కోవిడ్ టీకాల్ని వదిలేసింది, ఎందుకంటే అవి పుట్టించిన రోగనిరోధక స్పందన సరిపోలేదు. అది వేరే సంగతి, టీకా బలహీనమైనది.

వి451 ఈ రెండింట్లోనూ ఇమడదు. ఎవరికీ జబ్బు చేయలేదు, టీకా బలహీనంగానూ లేదు. ఆ టీకా పక్కనున్న ఇంకో వ్యవస్థని, అంటే హెచ్‌ఐవీ పరీక్షల వ్యవస్థని పాడుచేస్తుంది కాబట్టి వదిలేశారు. అప్పటి ఆరోగ్య శాఖ కార్యదర్శి బ్రెండన్ మర్ఫీ కూడా ఈ టీకా బాగానే పనిచేసి ఉండేదని, కానీ జనం నమ్మకం విషయంలో చిన్న అనుమానానికి కూడా చోటివ్వలేమని చెప్పారు. ఒక మందు పనిచేస్తుందని అంటూనే దాన్ని పక్కన పెట్టడం జనానికి అలవాటైన కథ కాదు. అందుకే ఎవరికి వాళ్లు తమకి తెలిసిన కథలో దీన్ని ఇరికించారు.

జనం ఎవరెవరు ఎలా తీసుకున్నారు

భయపడినవాళ్ల సంగతి ముందు. 2020 జనవరి చివర్లో కరోనా వైరస్‌లోనే హెచ్‌ఐవీని పోలిన భాగాలున్నాయని ఒక పరిశోధన పత్రం ఇంకా ఎవరూ సమీక్షించకుండానే ఆన్‌లైన్‌లోకి వచ్చింది, తీవ్ర విమర్శల తర్వాత రాసినవాళ్లే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఏప్రిల్‌లో హెచ్‌ఐవీని కనుగొన్నందుకు నోబెల్ అందుకున్న లుక్ మోంటానియే కూడా అలాంటి వాదనే చేశారు, తోటి శాస్త్రవేత్తలు దాన్ని ఒప్పుకోలేదు. కానీ "కరోనా, హెచ్‌ఐవీ, ల్యాబ్" అనే మూడు మాటలు జనం మనసులో ఒకదాని పక్కన ఒకటి కూర్చునే ఉన్నాయి. డిసెంబరులో టీకా వార్త రాగానే అవి అంటుకున్నాయి. దీన్ని కేవలం మూర్ఖత్వం అని తీసిపారేయడం నాకు సరిగా అనిపించదు. పత్రికల హెడ్డింగుల్లో "హెచ్‌ఐవీ పాజిటివ్" అని పెద్దక్షరాల్లో పెట్టి, "తప్పుడు" అనే మాటని లోపల ఎక్కడో పెడితే, చదివినవాళ్లది మాత్రమేనా తప్పు?

రెండో రకం, దీన్ని మెచ్చుకున్నవాళ్లు. సమస్య కనబడింది, దాచలేదు, డబ్బు పోయినా వదిలేశారు, ఇదే కదా ట్రయల్ అంటే అన్నారు. టీకాలు ఇంత తొందరగా ఎలా తయారవుతున్నాయి, అడ్డదారులు తొక్కుతున్నారా అన్న అనుమానం అప్పుడు బలంగా ఉంది. అలాంటప్పుడు ఒక టీకాని బహిరంగంగా వదిలేయడం వ్యవస్థ పనిచేస్తోందనడానికి రుజువని వాళ్ల వాదన.

మూడో రకం నిరాశపడినవాళ్లు. నిరాశలో కోపం కూడా ఉంది. ప్రాణాలు కాపాడే టీకాని కేవలం ఒక టెస్టు ఇబ్బంది కోసం, ఇంకా చెప్పాలంటే జనం అపార్థం చేసుకుంటారన్న భయం కోసం వదిలేస్తారా అన్నారు.

వీటన్నిటి మధ్య ఇంకో గొంతు సన్నగా వినిపించింది. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లది. ఎవరో "హెచ్‌ఐవీ పాజిటివ్" అన్న మాట వినగానే దేశం మొత్తం ఉలిక్కిపడితే, నిజంగా పాజిటివ్‌గా ఉన్న మనిషికి ఆ చర్చ అంతా ఎలా వినబడి ఉంటుంది? చికిత్సతో మామూలు జీవితం గడపగలిగే జబ్బు అది. ఆ పేరు వింటే జనానికి పుట్టే భయం లేకపోతే, ఈ తప్పుడు పాజిటివ్ విషయం ల్యాబ్‌లకి సంబంధించిన చికాకుగా మిగిలిపోయేదేమో. నమ్మకం పోతుందన్న ప్రభుత్వ లెక్కలో ఈ పాత వివక్ష కూడా ఒక అంకె. దాన్ని ఎవరూ పైకి అనలేదు.

టెస్టునే మార్చొచ్చుగా?

నిరాశపడినవాళ్ల వాదనలో బలమైన భాగం ఇదే. జీపీ41లోని ఆ ముక్కలతో చిక్కు రాని కొత్త టెస్టు కిట్లు తెస్తే సరిపోతుంది, లేదా నేరుగా వైరస్‌నే వెతికే టెస్టు అందరికీ చేస్తే సరిపోతుంది. సాంకేతికంగా సాధ్యమే. యూనివర్సిటీ, కంపెనీ కూడా హెచ్‌ఐవీ పరీక్షల విధానాల్లో గణనీయమైన మార్పులు అవసరమవుతాయనే చెప్పాయి, అసాధ్యం అనలేదు.

కానీ దాని ఖరీదు ఆలోచించండి. కొత్త కిట్లు తయారుచేయాలి, వాటికి అనుమతులు తేవాలి, ప్రతి ఆసుపత్రిలో, రక్తనిధిలో, ల్యాబ్‌లో మార్చాలి, సిబ్బందికి నేర్పాలి. ఆస్ట్రేలియన్లు ఇతర దేశాలకి వెళ్తే అక్కడి టెస్టులు పాతవే ఉంటాయి. నేరుగా వైరస్‌ని వెతికే పరీక్షకి సమయం, ఖర్చు ఎక్కువ, పైగా దానికీ ఒక గుడ్డి మచ్చ ఉంది: చికిత్స బాగా పనిచేస్తున్నవాళ్ల రక్తంలో వైరస్ ఎంత తగ్గిపోతుందంటే ఆ పరీక్షకి కనబడకపోవచ్చు. యాంటీబాడీ టెస్టు వాళ్లని పట్టుకుంటుంది, వైరస్ టెస్టు వదిలేయొచ్చు.

క్లాంప్‌నే మార్చి కొత్తగా మొదలుపెడితే? అలా చేస్తే ఇంకో ఏడాది వెనకబడతామని పరిశోధకులే చెప్పారు.

ఈ మొత్తం తూకంలో తేదీ చాలా ముఖ్యం. వి451ని వదిలేసినట్టు చెప్పిన 2020 డిసెంబరు 11నే అమెరికాలో ఫైజర్ టీకాకి అత్యవసర అనుమతి వచ్చింది. బ్రిటన్‌లో అప్పటికే జనానికి వేస్తున్నారు. ఆస్ట్రేలియా సరిహద్దులు మూసి, కేసుల్ని దాదాపు అదుపులో పెట్టుకుంది, మొత్తం మరణాలు అప్పటికి వెయ్యి లోపే. వేరే టీకాలు వస్తున్నాయి, ఆగడానికి సమయం ఉంది. ప్రపంచంలో ఇంకే టీకా లేక, రోజుకి వందలమంది పోతున్న దేశంలో ఇదే ఫలితం వచ్చి ఉంటే నిర్ణయం వేరేగా ఉండేదని నేను అనుకుంటున్నా, ఉండాలి కూడా. అంటే "ఈ టీకా పనికిరాదు" అని శాస్త్రం చెప్పలేదు. ఆ దేశంలో, ఆ వారంలో, ఉన్న ప్రత్యామ్నాయాల మధ్య ఇది లాభసాటి కాదని మనుషులు నిర్ణయించారు.

ముందే తెలిసి ఎందుకు వాడారు

"అనుకోని ఫలితం" అని అందరూ రాశారు. పూర్తిగా అనుకోనిది కాదు. జీపీ41 ముక్క మీద కొద్దిపాటి యాంటీబాడీలు పుట్టే అవకాశం ఉందని తెలుసు, ట్రయల్‌లో చేరే ముందే వాలంటీర్లకి ఆ సంగతి చెప్పారు కూడా. అనుకోనిది దాని మోతాదు. ఆ యాంటీబాడీలు మామూలుగా వాడుకలో ఉన్న టెస్టుల్ని తాకేంత స్థాయిలో ఉంటాయని వాళ్లు ఊహించలేదు.

మరి వేరే క్లాంప్ ఎందుకు వాడలేదు? వేగం. కోవిడ్ వచ్చేనాటికి చేతిలో పనిచేస్తున్న వేదిక ఇదొక్కటే, ఫ్లూ, మెర్స్ లాంటి వాటి మీద ల్యాబ్‌లో పరీక్షించింది కూడా ఇదే. నెలల్లో టీకా కావాలని ప్రపంచం అడుగుతుంటే ఉన్నదానితోనే పరుగెత్తారు. తెలిసిన రిస్క్‌ని చిన్నదని అంచనా వేశారు, అంచనా తప్పింది. దీన్ని నిర్లక్ష్యం అనేవాళ్లున్నారు, మొదటి దశ ట్రయల్ పెట్టేదే ఇలాంటి అంచనాలు సరిచూసుకోవడానికి కదా అనేవాళ్లూ ఉన్నారు. వాలంటీర్లకి ముందే చెప్పారు కాబట్టి నేను రెండోవాళ్ల వైపు మొగ్గుతాను. కానీ డోసులు ఆర్డర్ పెట్టేటప్పుడు ఈ చిన్న రిస్క్ గురించి జనానికి కూడా ఎవరైనా ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంటే, డిసెంబరులో ఉలికిపాటు అంత ఉండేది కాదు.

నమ్మకం కాపాడుకోవడానికి వదిలేశారు, మరి నమ్మకం మిగిలిందా

వి451 పోయాక ప్రభుత్వం ఆస్ట్రాజెనెకా ఆర్డర్‌ని 3.38 కోట్ల డోసుల నుంచి 5.38 కోట్లకి, నోవావాక్స్ ఆర్డర్‌ని 4 కోట్ల నుంచి 5.1 కోట్లకి పెంచింది. సీఎస్‌ఎల్ తన మెల్‌బోర్న్ ఫ్యాక్టరీ సామర్థ్యాన్ని ఆస్ట్రాజెనెకా తయారీకి మళ్లించింది. కాగితం మీద చక్కటి సర్దుబాటు.

తర్వాత జరిగింది వేరు. ఆస్ట్రాజెనెకా టీకా తీసుకున్న కొద్దిమందిలో అరుదైన, ప్రమాదకరమైన రక్తం గడ్డకట్టే సమస్య బయటపడింది. 2021 ఏప్రిల్ 8న ఆస్ట్రేలియా నిపుణుల కమిటీ 50 ఏళ్ల లోపువాళ్లకి ఫైజర్ వేయడం మేలని చెప్పింది, జూన్ 17న ఆ వయసుని 60కి పెంచింది. అదే జూన్ చివర్లో ప్రధాని మాత్రం 60 లోపువాళ్లు కూడా డాక్టరుతో మాట్లాడి ఆస్ట్రాజెనెకా వేయించుకోవచ్చన్నారు, క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ప్రధాన ఆరోగ్య అధికారి యువకులకి అది వద్దని బహిరంగంగా చెప్పారు. అప్పటికే సిడ్నీలో డెల్టా వేరియంట్ పాకుతోంది. ఫైజర్ డోసులు సరిపడా లేవు, ఉన్న టీకాని చాలామంది నమ్మడం లేదు.

దీన్ని చూపించి "వి451ని ఉంచుకుని ఉంటే బాగుండేది" అనేవాళ్లున్నారు. ఆ మాట 2021లో కూర్చుని అనడం తేలిక. డిసెంబరులో గడ్డకట్టే సమస్య ఎవరికీ తెలియదు. పైగా వి451 ఇంకా రెండో దశలోకే వెళ్లలేదు, 216 మందిలో కనబడని అరుదైన సమస్య లక్షల మందిలో కనబడదని ఎవరూ హామీ ఇవ్వలేరు. లెక్క సులువే: లక్షలో ఒకరికి వచ్చే సమస్యని 216 మంది ఉన్న ట్రయల్ పట్టుకునే అవకాశం వెయ్యికి రెండు మాత్రమే. అయితే వాళ్ల వాదనలో ఒక్క ముక్క ఒప్పుకోక తప్పదు. రెండు చోట్లా నమ్మకం అన్న మాటే వాడారు, కానీ ఒకచోట ఎవరికీ హాని లేని సమస్యకి టీకానే వదిలేశారు, ఇంకోచోట అరుదుగానైనా ప్రాణం తీసే సమస్య ఉన్న టీకాని వయసు షరతులతో కొనసాగించారు. రెండింటికీ వేర్వేరుగా మంచి కారణాలున్నాయి. బయటినుంచి చూసేవాళ్లకి మాత్రం కొలబద్ద మారినట్టే కనబడింది.

క్లాంప్ తర్వాత ఏమైంది

పరిశోధకులు ఆ ఆలోచనని వదల్లేదు. హెచ్‌ఐవీ ముక్కలు లేకుండా రెండో తరం క్లాంప్ తయారుచేశారు, దాన్నీ మనుషుల మీద మొదటి దశలో పరీక్షించారు. ఈ సాంకేతికతని వైస్‌బయో అనే కంపెనీ తీసుకుని ఊపిరితిత్తుల జబ్బులు తెచ్చే ఆర్‌ఎస్‌వీ లాంటి వైరస్‌ల టీకాల మీద పనిచేస్తూ వచ్చింది. 2025 జులైలో ఫ్రాన్స్ దిగ్గజం సనోఫీ వంద కోట్ల డాలర్లకి పైగా పెట్టి ఆ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. ఆ వార్తకి 2020 డిసెంబరులో వచ్చినంత ప్రచారం రాలేదు. "టీకాతో హెచ్‌ఐవీ" అన్న మాటని ముందుకు పంపినవాళ్లలో ఎక్కువమందికి అది చేరి ఉండదు కూడా.